ఎర్త్‌క్వేక్ తిన్నా ఆర్కనైన్ ఎందుకు పడలేదు: పోకెమాన్ మూవ్స్ వెనక ఉన్న లెక్క

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. పోకెమాన్ స్కార్లెట్ గేమ్‌లో ర్యాంక్డ్ సింగిల్స్ (ర్యాంకు కోసం, ఒక్కో వైపు ఒక్కో పోకెమాన్ నిలబడి ఆడే పోటీ) ఆడుతున్నారు. మీ పోకెమాన్ గార్చాంప్ ఎర్త్‌క్వేక్ అనే మూవ్ వేస్తే నిన్నటిదాకా ఎదుటివాళ్ల ఆర్కనైన్ ఒక్క దెబ్బకే పోయేది. ఈరోజు అదే మూవ్, అదే 100 పవర్, అదే "సూపర్ ఎఫెక్టివ్" మెసేజ్. అయినా ఆర్కనైన్ సన్నటి ఎర్ర గీతతో బతికి తిరిగి కొట్టింది. గేమ్ మోసం చేస్తోందా అన్నది మొదటి అనుమానం. చారిజార్డ్‌కి 90 పవర్ ఉన్న ఫ్లేమ్‌త్రోయర్ తీసేసి 120 ఉన్న ఫ్లేర్ బ్లిట్జ్ పెట్టాలా అన్నది రెండోది. ఒక్కో పోకెమాన్‌కి మూవ్స్ పెట్టుకోవడానికి ఉన్నవే నాలుగు స్లాట్లు, అందులో ఒకటి దెబ్బ వేయని మూవ్‌కి ఎందుకు తగలేయాలి అన్నది మూడోది.

మోసమేమీ లేదు. ఆ ఆర్కనైన్‌కి ఇంటిమిడేట్ అనే ఎబిలిటీ (మూవ్ వేయకుండానే దానంతటదే పనిచేసే గుణం) ఉంది. అది మైదానంలోకి దిగగానే ఎదురుగా ఉన్నవాడి అటాక్ ఒక మెట్టు దిగిపోతుంది. స్క్రీన్ మీద చిన్న పట్టీ వచ్చి మాయమవుతుంది, గబగబా బటన్ నొక్కేవాళ్లు దాన్ని చూడనే చూడరు. నిన్నటి ఆర్కనైన్లకి ఫ్లాష్ ఫైర్ ఉండి ఉండొచ్చు, ఆ జాతికి అదీ మామూలు ఎబిలిటీయే. లేదంటే అవి ముందే నిలబడి ఉంటే మీ గార్చాంప్ తర్వాత దిగి ఉంటుంది. ఇంటిమిడేట్ దెబ్బ ఆర్కనైన్ దిగిన క్షణంలో ఎదురుగా ఉన్నవాడికే తగులుతుంది, ఆ తర్వాత వచ్చినవాడికి ఏమీ కాదు. ఎవరు ముందు దిగారన్న ఒక్క తేడాతో అదే మూవ్ చంపుతుంది, లేదా చంపలేకపోతుంది.

ఒక్క మెట్టుకే ఇంత తేడానా అంటారేమో. లెక్క వేసి చూద్దాం, ఇక్కడే అసలు విషయమంతా ఉంది.

డ్యామేజ్ సూత్రం ఇలా నడుస్తుంది. లెవెల్‌ను 2తో గుణించి, 5తో భాగించి, 2 కలపాలి. ర్యాంక్డ్‌లో అందరినీ లెవెల్ 50కి తెచ్చేస్తారు కాబట్టి అది ఎప్పుడూ 22 వస్తుంది, ఆ అంకె గుర్తుంటే చాలు. దాన్ని మూవ్ పవర్‌తోను, కొట్టేవాడి అటాక్‌తోను గుణించి, తినేవాడి డిఫెన్స్‌తో భాగించాలి. వచ్చినదాన్ని 50తో భాగించి 2 కలపాలి. మధ్యలో వచ్చే దశాంశాలు వదిలేసుకుంటూ పోవాలి. ఆ తర్వాత వరసగా గుణకాలు పడతాయి: క్రిట్ (అరుదుగా పడే గట్టి దెబ్బ) పడితే 1.5, ఆపైన 85 నుంచి 100 శాతం మధ్య యాదృచ్ఛికంగా వచ్చే రోల్, మూవ్ టైప్, కొట్టేవాడి టైప్ ఒకటే అయితే 1.5, చివర టైప్ బలాబలాలు.

మీ గార్చాంప్ జాలీ నేచర్ (స్పీడ్ పెంచే స్వభావం), అటాక్‌లో 252 ఈవీలు (శిక్షణతో వచ్చే పాయింట్లు) అని రాశారు. ఐవీ (పుట్టుకతో వచ్చే పాయింట్లు) 31 అనుకుంటే లెవెల్ 50లో దాని అటాక్ 182. ఎదుటి ఆర్కనైన్ తట్టుకునే వైపు ఒక్క ఈవీ కూడా పెట్టలేదనే అనుకుందాం. అప్పుడు దాని హెచ్‌పీ (ప్రాణబలం) 165, డిఫెన్స్ సరిగ్గా 100.

ఇంటిమిడేట్ లేనప్పుడు: 22ని 100తోను 182తోను గుణించి 100తో భాగిస్తే 4004. 50తో భాగిస్తే 80, రెండు కలిపితే 82. గార్చాంప్ గ్రౌండ్ టైప్, ఎర్త్‌క్వేక్ గ్రౌండ్ మూవ్, కాబట్టి 1.5 రెట్లు. ఫైర్ మీద గ్రౌండ్‌కి 2 రెట్లు. రోల్ కింది అంచున పడితే 206, పై అంచున పడితే 246. ఉన్నది 165. రోల్ ఎలా పడినా ఆర్కనైన్ ఖాళీ.

ఇప్పుడు ఇంటిమిడేట్ పడింది. ఒక మెట్టు దిగడమంటే అటాక్ మూడింట రెండు వంతులు అవడం, అంటే 182 కాస్తా 121. మళ్లీ అదే దారిలో వెళితే 2662, తర్వాత 53, రెండు కలిపితే 55. గుణకాలన్నీ వేశాక కింద 138, పైన 164.

164 చూశారా? ఆర్కనైన్ హెచ్‌పీ 165. మీకు అన్నిటికంటే మంచి రోల్ పడినా అది 1 హెచ్‌పీతో నిలబడుతుంది. ఎదుటివాడు డిఫెన్స్‌కి ఏమీ ఖర్చు పెట్టకుండా, కేవలం సమయం చూసి దాన్ని దింపి మీ దెబ్బను కాచుకున్నాడు. మీరు చెప్పిన సన్నటి గీతను బట్టి మీకు పై రోల్సే పడినట్టున్నాయి. అదృష్టం మీ వైపే ఉంది, అయినా చాలలేదు.

"మరి జాలీ బదులు ఎడమంట్ (అటాక్ పెంచే నేచర్) పెడితే?" అని వెంటనే అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. ఎడమంట్‌తో అటాక్ 200 అవుతుంది, ఇంటిమిడేట్ తర్వాత 133. అప్పుడు దెబ్బ 152 నుంచి 180 దాకా. రోల్ అనేది 16 విలువల్లో ఒకటి, వాటిలో 7 మాత్రమే 165 దాటుతాయి. అంటే సగం కూడా కాదు. పైగా స్పీడ్ 169 నుంచి 154కి జారుతుంది. పూర్తి స్పీడ్ పెట్టిన జాలీ ఆర్కనైన్ 161లో ఉంటుంది, అది మీకంటే ముందు కొడుతుంది. ఇంటిమిడేట్ కోసమే నేచర్ మార్చడం నాకైతే నచ్చదు. చాయిస్ బ్యాండ్ (అటాక్‌ను 1.5 రెట్లు చేసే వస్తువు) కడితే మాత్రం ఇంటిమిడేట్ పడ్డాక కూడా కనీసం 204 వస్తుంది, ఆర్కనైన్ పోతుంది. కానీ బ్యాండ్ కట్టుకుంటే మైదానం వదిలేదాకా అదే మూవ్ కొట్టాలి. ఎదుటివాడు ఎగిరే పోకెమాన్‌ను దింపితే మీ ఎర్త్‌క్వేక్ గాలిలో పోతుంది, మీరు గొళ్లెం పడిన గదిలో కూర్చున్నట్టే.

క్రిట్ పడితే కథ మారుతుంది. క్రిట్‌కి కొట్టేవాడి అటాక్ తగ్గుదల పట్టదు, తినేవాడి డిఫెన్స్ పెరుగుదలా పట్టదు. ఇంటిమిడేట్ లేనట్టే లెక్క వేసి, పైన 1.5 రెట్లు కలుపుతుంది. కానీ మామూలు మూవ్‌కి క్రిట్ పడే అవకాశం 24లో 1. దాన్ని నమ్ముకుని ఆడేవాళ్లని చాలామందిని చూశాను, ర్యాంకు మాత్రం కదలదు.

ఇక మూవ్ మీద పవర్ కంటే ముందు చూడాల్సిన సంగతి ఒకటుంది, అది ఫిజికలా, స్పెషలా అన్నది. ఫిజికల్ అయితే కొట్టేవాడి అటాక్, తినేవాడి డిఫెన్స్ లెక్కకి వస్తాయి. స్పెషల్ అయితే స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్. ఇంటిమిడేట్ దించేది మామూలు అటాక్‌ను మాత్రమే. కాలిన గాయం సగం చేసేది ఫిజికల్ దెబ్బనే. అందుకే ఫిజికల్ కొట్టుడుగాళ్లని ఆపడం తేలిక, స్పెషల్ వాళ్లని ఆపడం కొంచెం కష్టం.

ఈ విభజన మొదటినుంచీ ఇలా లేదు. 1996లో జపాన్‌లో రెడ్, గ్రీన్ వచ్చినప్పటినుంచి మూడో తరం గేమ్‌ల దాకా మూవ్ ఫిజికలా స్పెషలా అన్నది దాని టైప్‌ను బట్టే తేలేది. ఫైర్, వాటర్, గ్రాస్, ఎలక్ట్రిక్, ఐస్, సైకిక్, డ్రాగన్, డార్క్ అన్నీ స్పెషల్, మిగతావన్నీ ఫిజికల్. నోటితో కరిచినా, పిడికిలితో గుద్దినా సరే. దీనివల్ల ఎవరికి అన్యాయం జరిగిందో చూస్తే నవ్వొస్తుంది. స్నీజెల్ డార్క్, ఐస్ టైప్. గోళ్లతో చీరే జంతువు, బేస్ అటాక్ (ఆ జాతికి గేమ్ ఇచ్చిన మూల అంకె) 95. కానీ దాని రెండు టైప్‌లూ అప్పట్లో స్పెషల్, దాని బేస్ స్పెషల్ అటాక్ ఏమో 35. సొంత టైప్ మూవ్ కొడితే గిల్లినట్టుండేది. గెంగార్‌ది సరిగ్గా దీనికి తలకిందులు. స్పెషల్ అటాక్ 130, అటాక్ 65. ఘోస్ట్ టైప్ అప్పట్లో ఫిజికల్ కాబట్టి దాని షాడో బాల్ ఆ 65 మీదే నడిచేది. గ్యారడోస్ అయితే 125 అటాక్ పెట్టుకుని 60 స్పెషల్ అటాక్‌తో నీళ్లు చిమ్మేది.

2006లో డైమండ్, పెర్ల్ వచ్చాక ప్రతి మూవ్‌కీ విడిగా గుర్తు ఇచ్చారు. వాటర్‌ఫాల్ ఫిజికల్ అయింది, షాడో బాల్ స్పెషల్ అయింది, గ్యారడోస్ నిజంగానే రాక్షసి అయింది. నా లెక్కలో ఈ సిరీస్‌లో యుద్ధం తీరును మార్చిన అతి పెద్ద మార్పు ఇదే. మెగా ఎవల్యూషన్, డైనమాక్స్, టెరా (యుద్ధం మధ్యలో పోకెమాన్ బలాన్నో టైప్‌నో మార్చే పద్ధతులు) అన్నీ ప్రాధాన్యంలో దీని తర్వాతే. నెట్‌లో పాత గైడ్లు చదివేటప్పుడు అవి ఏ తరానివో ముందు చూసుకోండి. సగం గందరగోళం అక్కడినుంచే వస్తుంది. థండర్‌బోల్ట్ పవర్ 95 అని రాసి ఉంటే అది 2013కి ముందు రాసిన గైడ్, ఇప్పుడది 90.

చారిజార్డ్ సంగతికి వద్దాం. దాని బేస్ అటాక్ 84, స్పెషల్ అటాక్ 109. "స్పెషల్ ఎక్కువుంది కాబట్టి ఫ్లేమ్‌త్రోయరే" అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. అది పూర్తిగా నిజం కాదు. లెవెల్ 50లో అటాక్‌కి 252 ఈవీలు పెడితే 136 వస్తుంది, 120తో గుణిస్తే 16320. అవే ఈవీలు స్పెషల్ అటాక్‌కి పెడితే 161, 90తో గుణిస్తే 14490. అంటే వట్టి దెబ్బ చూస్తే ఫ్లేర్ బ్లిట్జ్‌దే పైచేయి. మీ అనుమానంలో పస ఉంది.

కానీ ఫ్లేర్ బ్లిట్జ్ ఊరికే ఇవ్వదు. వేసిన దెబ్బలో మూడో వంతు మీ చారిజార్డ్‌కే తిరిగి తగులుతుంది. ఎదుటివాడి మీద 164 దెబ్బ వేశారనుకోండి, 50 పైన హెచ్‌పీ మీ జేబులోంచి పోయినట్టు. పైగా అది తాకే మూవ్. ఎదుటివాడు రాకీ హెల్మెట్ (తాకినవాడికే గాయం చేసే వస్తువు) కట్టుకుంటే ఇంకో ఆరో వంతు హెచ్‌పీ పోతుంది. ఇంటిమిడేట్ పడితే తగ్గిపోతుంది, కాలిన గాయమున్నవాడికి సగమవుతుంది (చారిజార్డ్ ఫైర్ కాబట్టి దానికి ఆ బాధ మాత్రం లేదు). ఫ్లేమ్‌త్రోయర్‌కి ఇవేవీ లేవు. నిజంగా ఎక్కువ దెబ్బే కావాలంటే 110 పవర్ ఉన్న ఫైర్ బ్లాస్ట్ ఉంది: 161తో గుణిస్తే 17710, ఫ్లేర్ బ్లిట్జ్ కంటే ఎక్కువ, తిరుగుదెబ్బ లేదు. అక్యురసీ 85 శాతం, అదొక్కటే దాని ఖరీదు. కాబట్టి మామూలు చారిజార్డ్‌కి ఫ్లేమ్‌త్రోయర్ లేదా ఫైర్ బ్లాస్ట్. డ్రాగన్ డ్యాన్స్ వేసి అటాక్, స్పీడ్ రెండూ పెంచుకుని ఊడ్చేద్దామన్న ప్లాన్ ఉంటే మాత్రం ఫ్లేర్ బ్లిట్జ్. రెండూ కలిపి, ఈవీలు అటు సగం ఇటు సగం పంచితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

టైప్ గుణకాల గురించి అందరికీ తెలిసినదే కాబట్టి ఎక్కువ రాయను. ఉన్నవి 18 టైప్‌లు, రెండు టైప్‌లున్నవాడి మీద రెండు గుణకాలూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. గ్యారడోస్ వాటర్, ఫ్లయింగ్ కాబట్టి కరెంటు నాలుగు రెట్లు. గార్చాంప్ డ్రాగన్, గ్రౌండ్ కాబట్టి ఐస్ నాలుగు రెట్లు, కరెంటు సున్నా. ఇక్కడ ఎక్కువమంది జారేది "సూపర్ ఎఫెక్టివ్" అన్న మెసేజ్ మీద మోజుతో. ఎదురుగా డార్క్, ఐస్ టైప్ వీవైల్ ఉంది, గార్చాంప్ దగ్గర ఎర్త్‌క్వేక్, ఫైర్ ఫాంగ్ ఉన్నాయి. వీవైల్ మీద గ్రౌండ్‌కి లాభమూ లేదు, నష్టమూ లేదు. ఫైర్‌కి రెండు రెట్లు. చాలామంది ఫైర్ ఫాంగ్ నొక్కుతారు. లెక్క చూడండి: ఎర్త్‌క్వేక్ 100ని సొంత టైప్ 1.5తో గుణిస్తే 150. ఫైర్ ఫాంగ్ 65ని 2తో గుణిస్తే 130. మెసేజ్ రాకపోయినా ఎర్త్‌క్వేకే గట్టి దెబ్బ, పైగా ఫైర్ ఫాంగ్‌కి 5 శాతం తప్పే అవకాశం కూడా ఉంది.

అదే వీవైల్ వైపునుంచి చూస్తే ఇంకా తమాషా. దాని ఐస్ షార్డ్ పవర్ 40. చూడటానికి పిల్లకాయల మూవ్. సొంత టైప్ 1.5, గార్చాంప్ మీద నాలుగు రెట్లు, మొత్తం 240 పవర్‌తో సమానం. ఆపైన స్పీడ్‌తో పనిలేకుండా ముందు తగులుతుంది. గార్చాంప్ ఆడేవాళ్లకి 110 పవర్ బ్లిజర్డ్ కంటే ఈ 40 పవర్ ముక్క అంటేనే ఎక్కువ భయం.

ముందు తగలడం అన్నాను కదా, అది ప్రయారిటీ. ప్రతి మూవ్‌కీ ఒక ప్రయారిటీ అంకె ఉంటుంది, చాలావాటికి సున్నా. ఎక్కువ అంకె ఉన్నది ముందు జరుగుతుంది, అంకెలు సమానమైతేనే స్పీడ్ చూస్తారు. క్విక్ అటాక్, ఐస్ షార్డ్ ప్లస్ 1. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ప్లస్ 2, ఆర్కనైన్‌కి అదీ ఉంది. ఫేక్ అవుట్ ప్లస్ 3, కానీ దిగిన మొదటి టర్న్‌లోనే పనిచేస్తుంది. ప్రొటెక్ట్ ప్లస్ 4. ట్రిక్ రూమ్ మైనస్ 7, అన్నిటికంటే చివర జరుగుతుంది, జరిగాక నెమ్మదిగా ఉన్నవాళ్లు ముందు కదులుతారు; అప్పుడు కూడా ప్రయారిటీ మూవ్స్ తమ వరస తప్పవు. సక్కర్ పంచ్ వీటిలో కొంటెది. ప్లస్ 1 ఉంది, పవర్ 70, కానీ ఎదుటివాడు ఆ టర్న్‌లో దెబ్బ వేసే మూవ్ ఎంచుకుంటేనే తగులుతుంది. అతను స్వోర్డ్స్ డ్యాన్స్ (దెబ్బ వేయకుండా అటాక్ పెంచుకునే మూవ్) వేస్తే మీ టర్న్ వృథా. ఈ మూవ్‌తో ఆడేటప్పుడు మీరు పోకెమాన్‌తో కాదు, అవతలి మనిషి మనసుతో ఆడుతున్నారు.

అక్యురసీ గురించి ఒక మాట. థండర్ 110 పవర్, 70 శాతం. థండర్‌బోల్ట్ 90 పవర్, 100 శాతం. సగటు తీస్తే థండర్‌కి 77 వస్తుంది, కాబట్టి థండర్‌బోల్టే మేలని అంటారు. సగటు అనేది పొడుగాటి ఆటకి పనికొస్తుంది, ఒక్క టర్న్‌కి పనికిరాదు. అసలు అడగాల్సింది వేరు: 90తో ఎదుటివాడు పడతాడా? పడితే 110 పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, దానికోసం 30 శాతం రిస్క్ ఎందుకు? 90తో పడడు, 110తో పడతాడు, పడకపోతే మీరు ఓడిపోతారు అన్నప్పుడు థండరే కరెక్ట్. రెండుసార్లు వరసగా తగలాలంటే మాత్రం 70 శాతం కాస్తా 49 అవుతుంది, అక్కడినుంచి అది నాణెం ఎగరేయడమే. వాన పడుతుంటే థండర్ తప్పదు, అది వేరే టీమ్. ఎండ కాస్తుంటే 50 శాతానికి పడిపోతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దెబ్బ వేయని మూవ్ దండగా?

మళ్లీ అదే ఆర్కనైన్ దగ్గరికి వెళదాం. మీ గార్చాంప్‌కి స్టెల్త్ రాక్ నేర్పొచ్చు. పవర్ లేదు, దాన్ని వేసిన టర్న్‌లో ఎదుటివాడికి ఒక్క హెచ్‌పీ కూడా తగ్గదు. కానీ ఆ తర్వాత అవతలి వైపు దిగే ప్రతి పోకెమాన్‌కీ రాళ్లు గుచ్చుకుంటాయి. మామూలు వాడికి హెచ్‌పీలో ఎనిమిదో వంతు. రాక్‌కి బలహీనమైతే రెట్టింపు. ఆర్కనైన్ ఫైర్, రాక్‌కి బలహీనం, కాబట్టి దిగగానే నాలుగో వంతు పోతుంది. 165లో 41. మిగిలింది 124. ఇంటిమిడేట్ పడ్డాక కూడా మీ ఎర్త్‌క్వేక్ కనీస దెబ్బ 138. అంటే ఏ రోల్ పడినా ఆర్కనైన్ పడిపోతుంది. నేచర్ మార్చక్కర్లేదు, బ్యాండ్ కట్టక్కర్లేదు, క్రిట్ కోసం దణ్ణం పెట్టక్కర్లేదు. పవర్ లేని మూవ్ ఒకటి ముందు వేయడం వల్ల 100 పవర్ మూవ్ మళ్లీ తన పని తాను చేసింది. ఎదుటివాడు హెవీ డ్యూటీ బూట్స్ తొడిగితే రాళ్లు గుచ్చుకోవు, అదొక్కటి చూసుకోవాలి. ఇదే రాళ్లు ఎదుటివాడు మీ మీద వేస్తే? చారిజార్డ్ ఫైర్, ఫ్లయింగ్, రెండూ రాక్‌కి బలహీనమే. దిగగానే సగం హెచ్‌పీ మాయం. అందుకే ఆ బూట్లు ముందు మీ చారిజార్డ్‌కే కావాలి.

స్వోర్డ్స్ డ్యాన్స్ కూడా ఇలాంటిదే. అటాక్ రెండు మెట్లు ఎక్కుతుంది, అంటే రెండు రెట్లు. ఇంటిమిడేట్ వల్ల ఒక మెట్టు దిగి ఉన్నా, డ్యాన్స్ తర్వాత నికరంగా ఒక మెట్టు పైన ఉంటారు: 182 కాస్తా 273. ఆ అటాక్‌తో ఆర్కనైన్ మీద కనీస దెబ్బ 308. ఎదుటివాడు మిమ్మల్ని చూసి పోకెమాన్ మార్చుకుంటాడని తెలిసిన టర్న్‌లో డ్యాన్స్ వేయాలి. ఊరికే ఎదురుగా నిలబడి వేస్తే చచ్చాక డ్యాన్స్ ఎవరు చూస్తారు. ఇటు మిమ్మల్ని ఆపడానికి ఆర్కనైన్ దగ్గర కూడా దెబ్బ లేని మూవ్ ఉంది, విల్ ఓ విస్ప్. 85 శాతం అక్యురసీ, తగిలితే గార్చాంప్ ఫిజికల్ దెబ్బలన్నీ సగం, పైగా ప్రతి టర్న్ చివరా పదహారో వంతు హెచ్‌పీ పోతుంది. అది మీ మీద వేసే ఏ ఫైర్ మూవ్ కంటే ఇదే మీకు ఎక్కువ నష్టం, ఎందుకంటే డ్రాగన్ మీద ఫైర్ ఎలాగూ సగమే.

ఈ సూత్రానికి లొంగని మూవ్స్ కొన్ని ఉన్నాయి, పేర్లు మాత్రం చెప్తాను. సీస్మిక్ టాస్, నైట్ షేడ్ కొట్టేవాడి లెవెల్ ఎంతో అంతే తీస్తాయి, లెవెల్ 50కి 50. బాడీ ప్రెస్ అటాక్ బదులు సొంత డిఫెన్స్ వాడుకుంటుంది. సైషాక్ స్పెషల్ మూవే కానీ ఎదుటివాడి మామూలు డిఫెన్స్ మీద పడుతుంది. ఫౌల్ ప్లే ఎదుటివాడి అటాక్‌ను తీసుకుని వాడినే కొడుతుంది. మీరు స్వోర్డ్స్ డ్యాన్స్ వేసుకున్నాక ఇది తగిలితే మీరు పెంచుకున్న అటాక్ మీకే వడ్డిస్తారు.

మొదటి తరం లెక్కలైతే ఇంకో లోకం. 100 శాతం అక్యురసీ ఉన్న మూవ్ కూడా 256లో ఒకసారి తప్పేది. క్రిట్ అవకాశం పోకెమాన్ బేస్ స్పీడ్‌ను బట్టి ఉండేది కాబట్టి పర్షియన్ స్లాష్ వేస్తే దాదాపు ప్రతిసారీ క్రిట్. ఫోకస్ ఎనర్జీ క్రిట్‌లు పెంచాల్సింది పోయి తగ్గించేది. ఘోస్ట్ మూవ్స్ సైకిక్ మీద అసలు పనిచేసేవి కావు, అది కోడింగ్ తప్పు. ఆ కాలం నాటి సలహాలు ఇప్పటికీ నెట్‌లో తిరుగుతుంటాయి, వాటిని స్కార్లెట్‌లో పెట్టకండి.

చివరగా మీ గార్చాంప్‌కి నేనైతే ఎర్త్‌క్వేక్, డ్రాగన్ క్లా, స్టెల్త్ రాక్, స్వోర్డ్స్ డ్యాన్స్ పెడతాను. డ్రాగన్ క్లా 80 పవరే కానీ ఎప్పుడూ తప్పదు, ఎర్త్‌క్వేక్ తగలని ఎగిరేవాళ్లకి అదే దిక్కు. ఇంటిమిడేట్ లేని ఆర్కనైన్ మీద కూడా అది 84 నుంచి 99 దాకా తీస్తుంది, రెండు దెబ్బలకి ఖాయంగా పడుతుంది.

డబుల్స్ (ఒక్కో వైపు ఇద్దరేసి నిలబడే ఆట) కూడా మొదలుపెడదామని ప్రశ్న చివర రాశారు కాబట్టి ఒక హెచ్చరిక. అక్కడ ఎర్త్‌క్వేక్ ఎదుటి ఇద్దరినీ, పక్కనున్న మీవాడినీ కలిపి కొడుతుంది, కాబట్టి ఒక్కొక్కరికి తగిలేది 0.75 వంతే. అంటే పవర్ 75తో సమానం. స్టాంపింగ్ టాంట్రమ్ అనే ఇంకో గ్రౌండ్ మూవ్ పవర్ కూడా సరిగ్గా 75, అది ఒక్కడినే కొడుతుంది, మీవాడిని ముట్టుకోదు. చారిజార్డ్ ఎగిరేది కదా, పక్కన నిలబెడితే ఎర్త్‌క్వేక్ తగలదు అనుకుంటారు. తగలదు, నిజమే. కానీ ఫైర్ మూవ్స్‌కి 1.5 బదులు 2 రెట్లు వస్తాయని దాన్ని ఫైర్‌లోకి టెరా చేశారంటే ఫ్లయింగ్ పోతుంది, అది వట్టి ఫైర్ అయిపోతుంది. ఆ తర్వాత ఎర్త్‌క్వేక్ నొక్కితే మీ గార్చాంప్ మీ చారిజార్డ్‌నే సూపర్ ఎఫెక్టివ్‌గా కొడుతుంది.